పిన్ని నాటిన దోలానా

బోతాకోజ్ పియాలాను అంచుదాకా నింపి కంషాత్ ముందు పెట్టింది.

 సమోవార్‌లో టీ నీళ్ళు సన్నగా మూలుగుతూ కాగుతున్నాయి. పాలు కలిపిన టీ అంచు మీద ఉబ్బి నిలబడింది. ఎత్తితే ఒలుకుతుంది. ఎత్తకపోతే అందరి కళ్ళముందూ అలాగే ఉంటుంది.

ఈ ఇళ్ళల్లో టీ సగానికి తక్కువే పోస్తారు. తాగి మళ్ళీ చాపాలి, మళ్ళీ పోయాలి. మనిషి ఇంకాసేపు కూర్చోవాలని కోరుకునే తీరు అది. నిండా పోశారంటే ఇక లేవమని. పెళ్ళి కుదిరిన పిల్లకు ఆ సంగతి తెలియదనుకోవడానికి లేదు.

"ఏమిటే అది?" అంది ఉర్కియా, మనవరాలి చేతికేసి చూస్తూ. ముసలామెకు చెవులు మందగించాయి గానీ కళ్ళు కాదు.

"టీ, నానమ్మా."

"టీయా? గుర్రానికి నీళ్ళు పెట్టావేమో అనుకున్నా."

"పిన్నికి దాహంగా ఉంటుందని పోశాను. ఇవాళ చెట్టు కాల్చే మంట దగ్గర నిలబడాలి కదా. తను పెట్టిన మంటే."

తొక్తార్ రొట్టె తుంచుతున్నవాడు ఆగాడు. ట్రాలీబస్ డిపోలో బతుకంతా ఇనుము పట్టుకున్న చేతులు, ఎంత తోమినా నల్లగీతలు పోని వేళ్ళు. కంషాత్ ఆ వేళ్ళనే చూస్తూ ఎదురుచూసింది. భర్త ఏదో ఒకటి అంటాడని. కూతుర్ని 'బోతా' అని ఒక్కసారి గట్టిగా పిలిచినా చాలు.

అతను రొట్టెముక్కను టీలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

సమోవార్ పక్క చోటు కంషాత్‌ది. ఈ ఇంటికి రెండో భార్యగా వచ్చిన రోజునుంచీ టీ పోసేది తనే. ఇవాళ వంటింట్లోంచి రొట్టెల పళ్ళెం పట్టుకొచ్చేసరికి ఆ చోట్లో బోతాకోజ్ కూర్చుని ఉంది. లేవమనడం ఎలాగో కంషాత్‌కు తోచలేదు. బల్ల చివర కూర్చుంది, చుట్టపుచూపుగా వచ్చినదానిలా.

"రొట్టె తీసుకో బోతా," అంది. "వేడిగా ఉన్నాయి."

శుక్రవారం. పల్చటి రొట్టెలు, షెల్‌పెక్‌లు ఏడు నూనెలో వేయించడం కంషాత్ ఒక్క వారమూ తప్పలేదు. కాగే నూనె వాసన పోయినవాళ్ళకు చేరుతుందంటారు. ఈ ఇంట్లో పోయినవాళ్ళంటే ముందుగా కుల్యాష్. తొక్తార్ మొదటి భార్య, బోతాకోజ్ తల్లి. ఆ పేరు కంషాత్ ఎప్పుడూ పలకలేదు. అక్క అంటుంది. చూడని అక్కకు వారం వారం వాసన పంపిస్తుంది.

"నాకొద్దు," అంది బోతాకోజ్. "ఆపిల్ చెట్టును చంపిన చేత్తోనే అమ్మకు రొట్టెలు కూడానా?"

"నేను చంపలేదు."

"మరెవరు చంపారు? మంచు చంపిందా? మేకా? ఏళ్ళ తరబడి రాని జబ్బు నువ్వు ఆ ముళ్ళ మొక్క తెచ్చి పక్కన పాతిన మరుసటి ఏడే వచ్చిందేం? తెగుళ్ళ ఆఫీసునుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ అడిగిన మొదటి మాటేంటి? 'ఇది ఎక్కణ్ణించి తెచ్చారు?' అని దోలానాను చూపించి అడగలేదూ?"

"అడిగింది. అంతే. అదే కారణమని చెప్పలేదు."

"చెప్పాలా! నాన్నా, నువ్వు వినలేదా?"

తొక్తార్ గొంతు సవరించుకున్నాడు. "దోలానా, బేరి, ఆపిల్... అన్నీ ఒక జాతివేనంది. ఒకదాన్నించి ఇంకోదానికి పాకుతుందంది."

"విన్నావా పిన్నీ?"

"విన్నాను."

"నా బొడ్డుతాడు ఆ చెట్టు కింద పాతింది మా అమ్మ." బోతాకోజ్ గొంతు వణికింది. వణికినందుకు తన మీద తనకే కోపమొచ్చినట్టు సమోవార్ కుళాయిని బిగించి తిప్పింది. "రేపు నాకు పిల్లలు పుడితే ఏం చూపించను? గుంట చూపించనా?"

కంషాత్ కళ్ళు దించుకుంది. పియాలాలో టీ మీద మీగడ తెట్టు కట్టింది. ఆమె నాలుక చివర ఒక మాట సిద్ధంగా ఉంది. పొద్దుటినుంచీ ఉంది.

పొద్దున షెల్‌పెక్‌లు వేయిస్తుంటే ఫోన్ మోగింది. తెగుళ్ళ ఆఫీసునుంచి ఆ ఇన్‌స్పెక్టరే. గొంతులో ఏ భావమూ లేకుండా చెప్పింది. మీ దోలానా ఆకుల్లో జబ్బు లేదు. అది శుభ్రంగా ఉంది. ఆపిల్‌కు నిప్పు తెగులు పట్టింది పైకొమ్మల కోతల దగ్గర. వసంతంలో ఎవరో కొమ్మలు కోశారు. ఆ కత్తెర అంతకుముందు ఏదో జబ్బు చెట్టు మీద పడి ఉంటుంది. దాన్ని కనిపెట్టండి. దానితో కోసిన పుల్లను ఎక్కడ అంటుకట్టినా ఇదే గతి పడుతుంది, జాగ్రత్త.

కంషాత్ ఫోన్ పెట్టేసింది. మూకుడులో రొట్టె మాడుతున్నా చాలాసేపు కదల్లేదు.

వెంటనే చెప్పలేదు. ఎందుకో అప్పుడామెకు స్పష్టంగానే తెలుసు. వాళ్ళను ఇంకా అననివ్వు, అనుకుంది. అనవలసినవన్నీ అననివ్వు. అన్నీ అయ్యాక మెల్లగా చెబుతాను, గొంతు పెంచకుండా. అప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. ఆకలి మీదున్న మనిషి మంచి ముక్కను పళ్ళెం అంచున ఆఖరికి దాచుకున్నట్టు ఆ మాటను దాచుకుంది.

ఇప్పుడు చెప్పొచ్చు. ఇంతకన్నా మంచి సమయం రాదు.

కానీ ఆ ఇన్‌స్పెక్టర్ అడిగిన దానికి జవాబు కూడా తన దగ్గరుంటే? కోసిందెవరో తేలితే? అప్పుడు నోరెత్తే వీలు ఎవరికీ ఉండదు.

ఆమె లేచింది. పియాలాను ముట్టుకోలేదు.

"వెళ్తున్నావా?" అంది బోతాకోజ్.

"లేవమన్నావుగా."

వెనకనుంచి ఉర్కియా కోడలి వంతు పియాలాను తన ముందుకు లాక్కోవడం వినిపించింది. "పారబోస్తామా ఏంటి," అని గొణిగింది ముసలామె. "పాలు ఊరికే రావు."

పెరట్లో ఆ చెట్టు నిన్న పడినట్టే పడి ఉంది. రంపం కోసిన మొదలు పసుపుపచ్చగా, తడిగా మెరుస్తోంది. అపోర్త్ ఆపిల్ చెట్టు. పసిపిల్ల తలంత కాయ కాసేది. వెనక కొండల మీద మంచు అలాగే ఉంది, వీధి కాలవలో ఆ మంచునీళ్ళు చప్పుడు చేస్తూ కిందికి, ఊళ్ళోకి పోతున్నాయి. ఇంత తెలతెల్లని పొద్దున ఆ కొమ్మలొక్కటే మంటలోంచి లాగినట్టున్నాయి. ఆకులు రాలకుండానే మాడాయి. లేతకొసలు నల్లబడి కొక్కేల్లా కిందికి వంగాయి.

ఈ చెట్టు చావాలని తను ఎప్పుడైనా కోరుకుందా?

ఆ ప్రశ్న ఈ వారంలో ఆమెను చాలాసార్లు పట్టుకుంది. ప్రతిసారీ లేదు అని గట్టిగా చెప్పుకుంది. గట్టిగా చెప్పుకోవలసి రావడమే ఆమెకు నచ్చలేదు.

శరత్కాలంలో ఆ కాయల్ని గడ్డిలో చుట్టి పడగ్గది పెట్టెలో పెట్టేవారు. బట్టల మధ్య కూడా పెట్టేవారు. మార్చి దాకా ఆ వాసన. కంషాత్ జాకెట్లకు ఆ వాసన, దిండుకు ఆ వాసన. తొక్తార్ ఆ గదిలోకి రాగానే ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చి, మొహంలో ఏదో వదులై, పసివాడిలా నిద్రపోయేవాడు. ఆమె పక్కన మేలుకుని ఉండేది. చలికాలమంతా ఆ గదిలో ముగ్గురు ఉండేవారు.

కిందటేడు అతనే అన్నాడు, "పెరట్లో నీకంటూ ఒకటి పెట్టుకో. ఏదైనా సరే, నచ్చింది తెచ్చుకో," అని. అంత మాట అనడం అదే మొదలు.

కిందికి పోయే దారిలో మొక్కలమ్మే చోటుకు ఒక్కతే వెళ్ళింది. ఆపిల్ మొక్కల వరస దగ్గర చాలాసేపు నిలబడింది. ఎర్రవి, పచ్చవి, చారలవి, పొట్టివి. అమ్మేవాడు వెంటపడ్డాడు. "అక్కా, ఇది తీసుకో, పసుపు కాయ, తేనె అనుకో. పక్కన అపోర్త్ ఉందా? ఇంకా మంచిది, రెండూ కలిసి కాస్తాయి."

రెండూ కలిసి. ఆమెకు కళ్ళముందు కనిపించింది. బల్ల మీద రెండు కుప్పలు. అత్తగారు ఇందులోంచి ఒకటి, అందులోంచి ఒకటి కొరికి, నములుతూ, ఏమీ అనకుండా మొదటి కుప్ప వైపే మళ్ళీ చెయ్యి చాపడం.

అందుకే దోలానా తీసుకుంది. ఈ కొండల్లో పెరిగేది కాదు, పరాయి రకం. ముద్దగా గులాబీరంగు పూలు పూస్తుంది. దాని కాయను ఎవరూ తినరు. దేనితోనూ పోల్చరు. మొదటిసారి చూసినప్పుడు ఉర్కియా దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పూలా? ముళ్ళా? రెండూనా?" అని, కోడల్ని పైనుంచి కిందిదాకా చూసి, "బాగానే ఏరుకున్నావు నీకు తగ్గట్టు," అంది. అందరూ నవ్వారు. కంషాత్ కూడా నవ్వింది. ఆ రాత్రి సంతోషంగా పడుకుంది.

పడిన చెట్టు పైకొమ్మల వైపు నడిచింది. వంగి ఆకులు తప్పించి చూసింది. ఇన్‌స్పెక్టర్ చెప్పినట్టే ఉన్నాయి. కొమ్మల మీద పక్కపక్కనే ఏటవాలు కోతలు. నలుపు మొదలైంది అక్కడే. అక్కణ్ణించి బెరడు కిందుగా మచ్చ పాకుతూ వచ్చింది.

తొక్తార్ అలా కొయ్యడు. అతను కోస్తే మొదటికంటా కోస్తాడు, రంపంతో.

అప్పుడు గుర్తొచ్చింది.

మొగ్గలు ఉబ్బుతున్న రోజులు. నిచ్చెన మీద బోతాకోజ్, చేతిలో ఎర్ర పిడి కత్తెర. ఈ ఇంట్లో అలాంటిది లేదు. కాబోయే అత్తగారిదది, తల్గార్‌లో వాళ్ళింటి నుంచి తెచ్చింది. కోసిన పుల్లల్ని తడిగుడ్డలో చుడుతోంది.

"ఏం చేస్తున్నావు బోతా?" అని అడిగింది కంషాత్ కిందనుంచి.

"మా అమ్మ చెట్టు. నేను అమ్మ కూతుర్ని. నీకేం పని?"

అంతకుముందు చలికాలంలో ఇదే పిల్ల టీ దగ్గర పడీ పడీ నవ్వుతూ కాబోయే మొగుడింటి గురించి చెప్పిన సంగతి కూడా గుర్తొచ్చింది. "ఎల్దోస్ వాళ్ళింట్లో బేరిచెట్టు నల్లగా మాడి చచ్చిపోయిందట నానమ్మా! పక్కింటావిడ దిష్టి పెట్టిందని వాళ్ళమ్మ వీధిలో నిలబడి ఒకటే తిట్లు. వాళ్ళాయన ఆ చెట్టును ముక్కలు ముక్కలు కోసి పారేశాడట."

ముక్కలు ముక్కలు కోసింది ఏ కత్తెరతోనో ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు?

కంషాత్ కొమ్మను వదిలేసింది. చేతికి పసుపుపచ్చ జిగురంటింది. తన కోటు అంచుకు తుడుచుకుంటూ ఇంటికేసి చూసింది. కిటికీలో బోతాకోజ్ తల కనిపించింది, సమోవార్ పక్కనే.

ఇదీ దొరికింది, అనుకుంది. సంతోషం కోసం లోపల వెతుక్కుంది. ఉంది, లేకపోలేదు. కానీ అది చేతిలో పెట్టుకుంటే కాలేలా ఉంది.

మధ్యాహ్నానికి తొక్తార్ వేళ్ళు తవ్వాడు. మొదలు, కొమ్మలు, ఆకులు, అన్నీ పెరటి మధ్యకు లాగి కిరసనాయిలు పోసి అంటించారు. పచ్చి చెట్టు. తొందరగా అంటుకోలేదు. తెల్లటి పొగ నేలబారుగా పాకి, గోడ దాటి పక్కవాళ్ళు ఆరేసిన తివాచీల మీద పడింది. పక్కింటి మనిషి గోడమీంచి తొంగిచూసి, మొహాలు చూసి, తివాచీలు తీసుకుని లోపలికి పోయాడు.

ఉర్కియా కుర్చీ వేయించుకుని దూరంగా కూర్చుంది. "తిన్నన్ని కాయలు తిన్నాను," అంది చెట్టుతోనే చెబుతున్నట్టు. "నీ రుణం ఇంతే."

"నాన్నా," అంది బోతాకోజ్. "అది కూడా."

"ఏది?"

"తెలియదా? అదిగో, పెళ్ళికూతురిలా నిలబడింది చూడు."

దోలానాకు ఇంకా పూలు రాలలేదు. మంట వేడికి దాని ఆకులు అల్లాడుతున్నాయి.

తొక్తార్ పార మీద ఆనుకున్నాడు. "ఆ ఆఫీసువాళ్ళు దాని సంగతి ఇంకా చెప్పలేదు బోతా. ఆకులు తీసుకెళ్ళారు. ఫోన్ చేస్తామన్నారు."

"చేసేలోగా ఇంకేం చస్తుందో చూద్దామనా?"

"అది కంషాత్ పెట్టుకున్న మొక్క."

"ఇది మా అమ్మ పెట్టుకున్న చెట్టు!" బోతాకోజ్ మంట వైపు చెయ్యి చాపింది. "దాన్ని నరికేటప్పుడు నీకు చెయ్యాడింది. ఇప్పుడాడదా? బతికున్నవాళ్ళ మొక్కకు విలువెక్కువా నాన్నా?"

అతను భార్యకేసి చూశాడు. ఈ వారమంతటిలో నేరుగా చూడటం అదే మొదటిసారి. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది. నువ్వే ఏదో ఒకటి తేల్చు, నన్ను తేల్చమనకు అని.

ఒక్క మాట. పొద్దున ఫోన్ వచ్చింది అంటే చాలు. దోలానా నిలబడుతుంది. ఈ పిల్ల మంట ముందు కూలబడుతుంది.

కంషాత్ నోరు తెరిచింది.

"తవ్వెయ్యండి," అంది.

"ఏంటి?"

"తవ్వెయ్యండి. నా మొక్కేగా. నేనే చెబుతున్నాను."

ఎందుకన్నదో అంటున్నప్పుడే ఆమెకు సగం తెలుసు. జాలి కాదు. జాలి అయితే ఇంత చల్లగా ఉండదు. తప్పులేని మొక్కను వాళ్ళ చేతులతోనే కాల్చనివ్వాలి. ఇంతకాలం ఈ ఇంట్లో ఆమె బాకీ పడ్డ మనిషిలా బతికింది, ఒకరి మంచంలో, ఒకరి గిన్నెల మధ్య. ఇప్పుడు వాళ్ళు ఆమెకు బాకీ పడుతున్నారు, తెలియకుండానే. పడనివ్వు. పెరగనివ్వు.

"ఎంత తేలిగ్గా అనేసింది," అంది బోతాకోజ్. కానీ ఆ మాటలో పొద్దుటి పదును లేదు. పిన్ని మొహంలోకి ఒకసారి విచిత్రంగా చూసి, తల తిప్పుకుని, గబగబా వీధిలోకి వెళ్ళిపోయింది. ఎల్దోస్ కారు వచ్చి ఉంది.

తొక్తార్ పార దింపాడు. వేరు లేతది, నాలుగు పోట్లకే వచ్చేసింది. మంటలో పడగానే గులాబీరంగు పూలు ఒక్కసారిగా గోధుమరంగుకు తిరిగాయి. ముళ్ళు చిటపటమన్నాయి. అతను చేతులు దులుపుకుని భార్య పక్కనుంచి పోతూ, ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, మసి అంటుతుందనుకున్నాడో ఏమో, వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకోటి తెచ్చుకుందువుగాని," అన్నాడు.

"ఇంకేం తెచ్చుకోను?"

అతను లోపలికి వెళ్ళిపోయాడు.

మంట తగ్గుతుంటే ఉర్కియా కుర్చీలోంచే పిలిచింది. "కోడలా, ఇలా రా. ఇంకా దగ్గరికి. నేను అరవలేను, నువ్వూ అరవకు. పొద్దున ఫోనెవరు?"

"ఎవరో, అత్తయ్యా. వేరే నంబరు అనుకుని చేశారు."

"వేరే నంబరుతో అంతసేపా?"

"ముసలివాళ్ళెవరో. వినిపించలేదనుకుంటా."

"ఊఁ." ముసలామె మంటనే చూస్తోంది. "నాకు మాట వినపడదు, మనిషి కనపడుతుంది. ఫోన్ పెట్టేశాక నవ్వావు నువ్వు. ఈ గడప తొక్కిన రోజునుంచీ నువ్వలా నవ్వగా నేను చూళ్ళేదు. మాడిన రొట్టె కూడా తియ్యకుండా నవ్వావు."

కంషాత్ పొగకు కళ్ళు తుడుచుకుంది.

"నేను అడగను. అడిగితే చెప్పాలొస్తుంది, చెబితే నేను మోయాలొస్తుంది. నా వయసుకు ఇక బరువులొద్దు." ఉర్కియా కర్రతో బూడిదలో ఒక పుల్లను లోపలికి తోసింది. "కానీ ఒకటి విను. కుల్యాష్‌ను కూడా నేను చాలా ఏడిపించాను. చెట్టు పెట్టినప్పుడు, ఇది కాయ కాస్తుందా నీ మొహంలా ఉంది అన్నాను. చచ్చిపోయాక మంచిదైంది. నువ్వు దానితో పోటీ పడకు. అది ఇక తప్పు చెయ్యలేదు. నువ్వు చెయ్యగలవు."

సాయంత్రం ఎండ కొండల మీదికి ఎక్కేవేళకు వీధి తలుపు చప్పుడైంది.

బోతాకోజ్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బాయి. రెండు చేతులా ఒక బకెట్టు పట్టుకుంది. బకెట్టులో మట్టి, మట్టిలో మోచేతి పొడుగు మొక్క, మొక్క మీద తన మెడగుడ్డ కప్పింది.

"నాన్నేరీ?"

"పడుకున్నారు. నానమ్మ కూడా."

"మంచిదైంది. నీతోనే మాట్లాడాలి." బకెట్టు బల్ల పక్కన దింపింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని పిల్లలా వేళ్ళు విరుచుకుంది. "పొద్దున... ఆ టీ సంగతి. అలా పొయ్యకూడదు. దారంతా అదే కనపడింది. ఎల్దోస్‌తో చెబితే వాడు కూడా తిట్టాడు."

"పోనీలే."

"పోనీలే అనకు. నువ్వెప్పుడూ అంతే, పోనీలే అంటావు. అందుకే ఇంకా కోపమొస్తుంది నాకు." నవ్వబోయి ముక్కు తుడుచుకుంది. "నీ మొక్కను నువ్వే తవ్వెయ్యమన్నావు. నేనైతే అనలేను పిన్నీ. చచ్చినా అనలేను."

కంషాత్ స్టవ్ వైపు తిరిగి అప్పటికే ఆరిపోయిన మంటను మళ్ళీ ఆర్పింది.

"ఇటు చూడు. వసంతంలో కొమ్మలు కోశాను, గుర్తుందా? నీకేం పని అన్నాను. పెళ్ళయ్యాక అక్కడ కూడా అమ్మ చెట్టు ఉండాలని కోశాను. ఎల్దోస్ వాళ్ళ నాన్న అంటుకట్టాడు. అన్నీ పోయి ఒక్కటే పట్టింది. ఇదే." మెడగుడ్డ జాగ్రత్తగా తీసింది. "ఇది ఇక్కడే ఉండాలి. అడిగి తెచ్చేసుకున్నాను. అమ్మ చెట్టు చావలేదు పిన్నీ!"

లేత ఆకులు, పైన నూగు. అంటు అతికిన చోట దారం కట్టు. ఒక కొమ్మ నిటారుగా పైకి లేచింది. రెండోదాని కొస నల్లబడి, కొక్కెంలా కిందికి వంగింది.

"అదా? కారులో ఎండ తగిలింది," అంది బోతాకోజ్ ఆమె చూపు చూసి. "నీళ్ళు పోస్తే తేరుకుంటుంది కదా?"

వంగిన చోట ఒక చుక్క నిలబడి ఉంది. తేనెచుక్కంత, లేత పసుపురంగులో.

"ఆ గుంటలో ఆపిల్ పెట్టొద్దన్నారు ఆఫీసువాళ్ళు. మరి ఎక్కడ పెడదాం? నువ్వే చెప్పు. నీ దోలానా ఉన్న చోట పెడదామా? పొద్దున్నే, నీ చేత్తోనే. తర్వాత పిన్నీ..." ఆ పిల్ల గొంతు బాగా తగ్గిపోయింది. "నన్ను అత్తారింటికి పంపే రోజు అమ్మ చోట్లో మా మేనత్తను నిలబెడదామని నాన్నతో అన్నాను. ఇప్పుడు వద్దనిపిస్తోంది. నువ్వు నిలబడతావా?"

కంషాత్ చూపు మళ్ళీ ఆ చుక్క మీదికి పోయింది.

పొద్దున చెప్పి ఉంటే అది నిజమయ్యేది. ఇప్పుడు చెబితే పగ అవుతుంది. ఎప్పుడు తెలిసింది అని అడుగుతుంది ఈ పిల్ల. మంట ముందు నిలబడ్డప్పుడే తెలుసా? తవ్వెయ్యండి అన్నప్పుడే తెలుసా? చెప్పకపోతే రేపు తన చేత్తోనే మట్టి కప్పాలి. ఆకులు ఒక్కొక్కటే మాడుతుంటే పక్కన నిలబడి చూడాలి. తల్గార్‌లో ఆ కత్తెర ఈపాటికి ఇంకే చెట్టు మీద ఉందో.

"బోతా," అంది.

"ఊఁ?"

"ఆ కత్తెర..."

"ఏ కత్తెర?"

ఆ పిల్ల కళ్ళు పైకెత్తి చూసింది. ఆ కళ్ళల్లో పొద్దుటినుంచి ఏడ్చిన ఎరుపు తప్ప ఇంకేమీ లేదు. ఈ ఇంట్లో ఎవరూ తనవైపు అలా, ఏదీ దాచుకోకుండా చూడలేదు.

"ఏం లేదు," అంది కంషాత్. "దారం విప్పడానికి కత్తెర కావాలేమో అని."

"ఇప్పుడే విప్పకూడదట. కూర్చో నువ్వు. పొద్దుటినుంచీ ఏమీ తాగలేదు కదూ?"

బోతాకోజ్ సమోవార్‌ను తట్టి చూసింది, ఇంకా వేడిగానే ఉంది. పియాలా కడిగి, గుడ్డతో తుడిచి, ముందు పాలు, తర్వాత టీ పోసింది. సగానికి తక్కువే పోసింది. రెండు చేతులతో అందించింది.

కంషాత్ తాగింది. గొంతులోకి దిగినంతసేపూ ఆ పిల్ల మొహమే చూసింది. పియాలా ఖాళీ అయింది. బకెట్టులో ఆ పసుపుచుక్క బరువెక్కి, కొసను వదిలి, కింది ఆకు మీదికి జారింది.

"ఇంకాస్త పొయ్యనా పిన్నీ?"

కంషాత్ పియాలా చాపింది.